కోడలుపిల్ల కమ్మలు

బావా,

కోడలుపిల్ల కమ్మలు ఇంకా ఎందుకు కాలేదని అడిగావు. వాటికి ఆ మొగ్గల బొమ్మ నేనే గీశాను. కొట్టులో కూలిపని మానేసి సొంతంగా మొదలెట్టాక గీసినవాటిలో అదే గొప్పది. బంగారు తీగ వెంట్రుకంత సన్నం. ఊదుగొట్టం కాస్త పక్కకి జరిగినా మంట తగిలి మొగ్గ ముద్దైపోతుంది. చేసిన ప్రతిసారీ అదే అవుతోంది. చెయ్యి వణుకుతోంది బావా. ఇది తగ్గేది కాదన్నాడు డాక్టరు.

ఇంట్లో చెబితే నమ్మేదెవరు? మా పెళ్ళిలో ఉత్తుత్తినే మూర్ఛొచ్చినట్టు పడిపోయి మీ అందర్నీ హడలగొట్టినవాణ్ణాయె! నిన్న చేతిలో టీ ఒలికిపోతుంటే మీ చెల్లి పకపకా నవ్వింది. "చాల్లెండి మీ ముసలి నటన! ముందా కమ్మల సంగతి చూడండి" అంది. నేనూ నవ్వేసి, కావాలనే ఇంకాస్త ఒలకబోశాను.

కరిగిన ముద్దలన్నీ పొట్లం కట్టి, ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే ఇచ్చాను. బంగారం రవ్వ కూడా పోలేదు. బొమ్మ కూడా అందులోనే ఉంది, ఇంకెవరిచేతైనా చేయించు. కోడలుపిల్ల అడిగితే మామయ్యకి బద్ధకం ఎక్కువైందని చెప్పు. అదైతే వెంటనే నమ్ముతుంది.

ఉంటా బావా.