అక్క తగ్గుతోంది

జనవరి 5

జిమ్‌లో చేరాను. కోచ్ మొదటిరోజే నా ఆశల మీద నీళ్ళు చల్లాడు. మూడు నెలల్లో ఎంత తగ్గాలనుకుంటున్నారు అని అడిగితే పదిహేను కిలోలు అన్నాను. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నెలకి రెండు తగ్గితే గొప్పే, కొన్ని వారాలు తూకం ముల్లు అసలు కదలదు, అప్పుడు డీలా పడిపోవద్దు అన్నాడు. పక్కవాళ్ళతో పోల్చుకోవడం మొదలుపెడితే అంతే సంగతులట.

ఇంటికొచ్చి అక్కతో చెప్పాను. అక్క ముందుగదిలో బట్టలు కుడుతుంది. మెడలో టేపు ఆభరణంలా ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. వెంటనే నా నడుం కొలిచి, తగ్గినప్పుడు నేనే చెబుతాలే అంది. తను నాకంటే లావు. చిన్నప్పటినుంచీ ఇంటా బయటా బొద్దక్కే. ఎవరైనా ఆ మాట అనేలోపు తనే అనేసి నవ్వేస్తుంది.

జనవరి 20

ముల్లు కదల్లేదు. ఒళ్ళు మాత్రం హూనం.

ఫిబ్రవరి 3

అరకిలో తగ్గాను. కోచ్‌కి పరమానందం. నాకు ఏడుపొచ్చింది. ఉడికించిన కూరగాయలు తిని తిని నాలుక చచ్చిపోతే అరకిలోనా?

సాయంత్రం పక్కింటి పిన్ని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, అబ్బ, ఎంత తగ్గిపోయావే తల్లీ అంది. నేను సిగ్గుపడుతూ లేచి నిలబడ్డాను. ఆవిడ చూస్తున్నది నన్ను కాదు. అక్కని.

ఫిబ్రవరి 10

నిజమే. అక్క తగ్గింది. తన బట్టలన్నీ తనే పక్కలు పట్టి కుట్టుకుంటోంది. ఏం చేస్తున్నావే అంటే ఏమీ లేదంది. అబద్ధం కాదు. నా ఎదురుగా కూర్చుని నాకు రెండింతలు తింటోంది, మళ్ళీ ఆకలంటోంది. అమ్మ మురిసిపోతూ వడ్డిస్తోంది.

కుళ్ళుకున్నాను. రాసుకోవడానికేం, నా డైరీయేగా.

ఫిబ్రవరి 18

ఒక పిచ్చి ఆలోచన. నేను జిమ్ నుంచి చెమటలు కారుతూ వస్తానా, అక్క ఫ్యాన్ కింద కూర్చుని నాలాగే తడిసిపోయి ఉంటోంది. కష్టం నాది, కరుగుతున్నది తను. ఎవరైనా వింటే నవ్విపోతారు. నాకు మాత్రం ఆ చెమట చూస్తే నవ్వు రాలేదు.

రేపటినుంచి జిమ్‌కి వెళ్ళను. చూద్దాం.

ఫిబ్రవరి 26

వారం మానేశాను. అక్క ఇంకా తగ్గింది.

అంటే నాకూ దానికీ సంబంధం లేదు. హమ్మయ్య అనుకోవాలి. అనుకోలేకపోయాను. మరి దేనికి తగ్గుతున్నట్టు?

మార్చి 2, తెల్లవారుజామున

కుట్టుమిషన్ చప్పుడుకి మెలకువ వచ్చింది. అక్క లైటు వేసుకోకుండా కుడుతోంది. నిద్ర పట్టదే ఈమధ్య, ఒంట్లో ఏదో మోటారు పెట్టినట్టుంది అంది. హుషారుగానే అంది. లైటు వేశాను. నావైపు తిరిగింది. కళ్ళు ముందుకొచ్చినట్టున్నాయి. నల్లగుడ్డు పైన కూడా తెల్లగా కనబడుతోంది. ఎంతసేపు చూసినా రెప్ప వెయ్యలేదు. ఏదో చూసి హడలిపోయిన మనిషి కళ్ళు. కింద పెదాలేమో నవ్వుతున్నాయి.

లైటు తీసేసి వచ్చేశాను. అక్కని చూసి భయపడ్డానంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మార్చి 5

ఒకామె గౌను తిరిగి ఇచ్చేసింది. కుట్టు వంకర్లు పోయిందట. అక్క కుట్టు వంకర పోవడమా! గీత గీసినట్టు ఉండేది. ఆమె కోపంగా తిట్టి, పోతూ పోతూ ఏం డైట్ చేస్తున్నారో నాకూ చెప్పండి అంది. అక్క ముఖం వెలిగిపోయింది. గౌను మడతపెడుతుంటే వేళ్ళు వణుకుతున్నాయి.

మార్చి 8, ఆదివారం

టీవీ చూస్తున్నాం. సరదాకి నా జిమ్ వాచీ అక్క చేతికి పెట్టాను. గుండె వేగం నిమిషానికి నూట ముప్ఫై చూపించింది. చెడిపోయిందేమో అని నా చేతికి పెట్టుకున్నాను. డెబ్భై ఆరు. మళ్ళీ అక్కకి. నూట ముప్ఫై నాలుగు. కాలు మీద కాలేసుకుని కూర్చున్న మనిషికి. కాసేపటికి వాచీ బుర్రుమంది. వర్కవుట్ చేస్తున్నారా, రికార్డ్ చెయ్యమంటారా అని అడిగింది. అక్క పగలబడి నవ్వింది. అమ్మా నవ్వింది.

నేను అక్క గుండె మీద చెవి పెట్టాను. ఆ లోపల ఎవరో పరిగెడుతున్నారు. ఆపకుండా.

మార్చి 11

థైరాయిడ్ అట. గొంతులోని ఆ గ్రంథి అదుపు తప్పిందట. అక్క తగ్గడం లేదు, కాలిపోతోంది అని డాక్టరమ్మ అంది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే గుండె మీదికొచ్చేదట. మాత్రలు ఇచ్చింది. బరువు మళ్ళీ వస్తుంది, మెల్లగా వస్తుంది, నెలలు పడుతుంది, తొందరపడొద్దు అంది. అచ్చం మా కోచ్ మాటే, తలకిందులుగా.

అమ్మ దారంతా ఏడ్చింది. అక్క అడిగింది ఒకటే. బరువు ఎంత వస్తుంది అని.

ఏప్రిల్ 12

వణుకు తగ్గింది. కుట్టు తిన్నగా వస్తోంది. మూడు కిలోలు పెరిగింది. మళ్ళీ జిమ్‌కి వెళ్తున్న నేను మొత్తం మీద మూడు తగ్గాను. నాది ఎవరూ గమనించలేదు. అక్కది పిన్ని గుమ్మంలోనే కనిపెట్టింది. అయ్యో, మళ్ళీ బొద్దక్కవైపోతున్నావే అంది. ఈసారి అక్క నవ్వలేదు. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మే 17

రాయడానికి చేతులు రావడం లేదు.

వారంగా అనుమానంగానే ఉంది. మళ్ళీ చెమటలు, మళ్ళీ ఆకలి. పొద్దున తెల్లదారం కోసం బాబిన్ల డబ్బా తీశాను. అడుగున మాత్రలు. సగం కరిగి, ఆరి, తెల్లగా అతుక్కుని ఉన్నాయి. నా ఎదుటే నోట్లో వేసుకునేది, నీళ్ళు తాగేది. పిన్ని ఆ మాట అన్నప్పటినుంచీ నాలుక కింద దాచిందన్నమాట.

చచ్చిపోతావే అని అరిచాను. తెలుసంది. నెమ్మదిగా చెప్పింది. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ కొలిచాను, నన్ను చూసి కళ్ళు తిప్పుకోనివాళ్ళని ఈ మూడు నెలలే చూశాను అంది. ఇంకొన్నాళ్ళే, ఆ తర్వాత బుద్ధిగా వేసుకుంటా అంది. చిన్నపిల్ల ఇంకాసేపు ఆడుకుంటానన్నట్టు.

నేనూ నిన్ను చూసి కుళ్ళుకున్నానే అన్నాను. తనకి బుద్ధి వస్తుందనుకున్నాను కాబోలు.

తెలుసే, అంది. అన్నిటికంటే నాకు అదే బాగుండేది అంది.

మే 18

డాక్టరమ్మ గట్టిగా తిట్టింది. అక్క తల ఊపింది. ఇకనుంచి మాత్ర నా చేత్తోనే.

జూన్ 1

మాత్ర మింగి నోరు తెరిచింది. నాలుక ఎత్తమన్నాను. ఎత్తింది. బుగ్గల్లో వేలుపెట్టి చూశాను. ఏమీ లేదు. మింగింది. గుండె నెమ్మదిగానే కొట్టుకుంటోంది.

నోరు అలాగే తెరుచుకుని ఉంది. కళ్ళు నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనకాల అద్దంలో ఇంకా సన్నగానే ఉన్న తన బొమ్మని చూస్తూ, వెళ్ళిపోతున్నవాళ్ళని సాగనంపుతున్నట్టు, నెమ్మదిగా చెయ్యి ఊపుతోంది.