ఒనెసీమ్ బతికుండగానే

క్లోటిల్డ్ అక్కయ్యకు ట్రెమే పేట నుంచి తమ్ముడు ఒనెసీమ్ నమస్కరించి రాసేది.

వచ్చే నెల మొదటి ఆదివారం పార్కులో మా బ్యాండు కచేరీ. టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. నాన్న వాయించిన మనవాళ్ళ పాత క్రియోల్ పాటలన్నీ బాంజో మీద వాయిస్తాను. పోయినసారి నా ఎదుట ఖాళీ కుర్చీలూ, ఒక కుక్కా ఉన్నాయి. కుక్క కూడా సగంలో లేచిపోయింది. ఈసారీ జనం రాకపోతే బాంజో కట్టిపెట్టమని పార్కువాళ్ళు చెప్పేశారు. నాకు భయంగా ఉందక్కా. నువ్వైనా సరస్సు దాటి రా.

నీ ఒనెసీమ్

తా.క. నల్ల సూటు ఇస్త్రీకి ఇచ్చాను.

ఒరేయ్ ఒనెసీమూ, మాండెవిల్ నుంచి అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివి గుండె గుభేలుమంది. మన ఊళ్ళో టిక్కెట్టు లేకుండా బ్యాండు వాయించేది శవపేటిక వెనకాలే కదరా! పైగా నల్ల సూటు, నాన్న పాటలు! డాక్టరు ఏమన్నాడో దాచకుండా చెప్పు. నిన్ను కనిపెట్టుకుని ఉండమని మీ పక్కింటి యూఫ్రోజిన్‌కు కూడా రాశాను.

కంగారుతో, క్లోటిల్డ్

తా.క. ఎవరికీ చెప్పొద్దని కూడా ఆవిడకు రాశాను.

అక్కయ్యకు, నిక్షేపంగా ఉన్న తమ్ముడు రాసేది.

డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, అంతే! యూఫ్రోజిన్ నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలీదా? పొద్దున్నుంచీ ఇంటికి గంబో పులుసు గిన్నెలు వస్తున్నాయి. మా ఆవిడను కావలించుకుని ఏడుస్తున్నారు. "నేను చావట్లేదమ్మా" అంటే "అందరూ అలాగే అంటారు నాయనా" అని ముక్కు చీదుతున్నారు. మా పేట సంఘంవాళ్ళు చావు ఊరేగింపులో తిప్పుతూ ఆడే గొడుగులకు అంచులు కుట్టేస్తున్నారు. కచేరీ మాట ఎత్తితే ఒక్కరూ వినిపించుకోరు. నా కొంప మునిగింది! వెంటనే ఆవిడకు మళ్ళీ రాయి.

బతికున్న ఒనెసీమ్

తా.క. ఆవిడ గంబో నీ గంబో కన్నా బాగుంది.

ఒరేయ్ తమ్ముడూ,

నా గంబో కన్నా బాగుందా? అయితే జబ్బు నిజమే, నోటికి రుచి తప్పింది. నువ్వు చెప్పినట్టే యూఫ్రోజిన్‌కు రాశాను. "మావాడు చావట్లేదంటున్నాడు, పాపం, మగత మాటలు, అందరూ ఆదివారం పార్కుకు రండి" అని. మా చర్చి ఆడవాళ్ళను బస్సులో తీసుకొస్తున్నాను.

ఏడుస్తూ, క్లోటిల్డ్

తా.క. ఫాదర్‌గారూ వస్తున్నారు. ఆయన ముందు మరీ ఆరోగ్యంగా కనబడకు, బాగుండదు.

అక్కయ్యకు, అలిసిపోయిన తమ్ముడు రాసేది.

నువ్వే చూశావుగా, ఇసుక వేస్తే రాలనంత జనం! మొదటి పాటకు రుమాళ్ళు తీసి ఏడ్చినవాళ్ళే, కాసేపటికి అవే రుమాళ్ళు ఊపుతూ ఆడారు. ఫాదర్‌గారు గొడుగు తిప్పారు. ఏడాదంతా బాంజోనే అన్నారు పార్కువాళ్ళు. యూఫ్రోజిన్ మాత్రం నేను చావలేదని అలిగి, గంబో గిన్నె పట్టుకుపోయింది. అసలు నీకు అంత అనుమానం ఎందుకొచ్చిందక్కా?

నీ ఒనెసీమ్

చిరంజీవి ఒనెసీమ్‌కు, ఆ మాట ఈసారి మనస్ఫూర్తిగా అంటున్న అక్క రాసేది.

నాకు అనుమానమేమిట్రా, నీ మొహం! నీకు జబ్బు లేదు, జనమే లేరని మొదటి ఉత్తరంలోనే అర్థమైంది. మనవాళ్ళు కచేరీకి బద్ధకిస్తారు గానీ, చావు ఊరేగింపంటే మంచం మీద నుంచి లేచొస్తారు. అందుకే నిన్ను చంపాను. నాన్న పోయినప్పుడు ట్రెమే అంతా ఆయన వెనక నడిచింది. ఆయనొక్కడే అది చూడలేదు. నువ్వు చూడాలనుకున్నాను. నిన్ను చూసి గర్వంతో ఏడ్చాన్రా.

ప్రేమతో, అక్క

తా.క. ఇకమీదట నువ్వు నిజంగా పోయినా ఊళ్ళో ఎవరూ నమ్మరు. కాబట్టి తొందరపడకు.