మామ కూరిన దిండు

3-2-86, సోమవారం

మామ నన్ను తాగుబోతన్నాడు. మా పరుపుల కొట్లో, హనుమాయమ్మగారు కూతురి పెళ్ళి పరుపులకూ దిండ్లకూ బేరమాడుతుంటే, ఆమె ముందే అన్నాడు.

దూది ఏకే మిషను ముందు కునుకు పట్టింది. రోలరు చొక్కా చేతిని లాక్కుంది. కొద్దిలో చెయ్యి దక్కింది. మామ నా నోరు వాసన చూశాడు. ఏ వాసనా లేదు. అయితే వాసన రానిదేదో తాగావురా అన్నాడు. ఆమె నవ్వింది. జన్మలో చుక్క ముట్టలేదు నేను.

మిషను మీద నుంచి తీసేశాడు. సూది పట్టుకుని దిండు గలీబులు కుట్టుకోమన్నాడు.

4-2-86

రాత్రంతా పడుకున్నాను. పడుకోనట్టే ఉంది.

9-2-86

అమ్మ ఇవాళ చెప్పింది. గురక పెడతా పెడతా ఉన్నట్టుండి ఆగిపోతానంట. ఊపిరే ఉండదంట. ఒరేయ్ మహబూబూ అని కుదిపితే, పీక పిసికినట్టు ఎగిరి లేచి మళ్ళీ పడుకుంటానంట. నాకేమీ గుర్తుండదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటే, మీ నాయనా అంతేగా అంది.

నాన్న నలభై నిండకుండా నిద్రలోనే పోయాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

ఆరెంపీ డాక్టరు బలానికి టానిక్ రాశాడు. మామ దిండు అందుకున్నాడు. మా దూదేకులోళ్ళకు ఏ రోగానికైనా దిండే మందు. తల ఎత్తులో ఉంటే ఊపిరాడుద్దని నా దిండు విప్పి, దూది కూరి, పెళ్ళికొడుకు దిండులా బిర్రుగా కుట్టాడు.

16-2-86

ఊపిరి ఆగడం ఇంకా ఎక్కువైందంట. మామ ఇంకా కూరాడు. గడ్డం రొమ్ముకు ఆనుతోంది.

25-2-86

గుంటూరు వెళ్ళాను. చెవి ముక్కు గొంతు డాక్టరు టార్చి వేసి చూశాడు. టాన్సిల్స్ రెండూ ఉబ్బి ఆనుకున్నాయట. నిద్రలో గొంతు మూసుకుపోతోందట. స్లీప్ ఆప్నియా అన్నాడు. పేరు కూడా ఉంది దీనికి! నా పేరు తాగుబోతు.

దిండు ఎంత ఎత్తని అడిగాడు. చేత్తో చూపించాను. అది దిండా, అరుగా అన్నాడు. మెడ వంగి, ఉన్న కాస్త దారీ మూసుకుంటోందట. దిండు పారేసి పక్కకు తిరిగి పడుకో, టాన్సిల్స్ తీసేస్తాను అన్నాడు.

మామకు చెప్పాను. నా దిండుకు వంకపెట్టినోడు నరసరావుపేటలో పుట్టలేదు అన్నాడు. నా గొంతు కోస్తారన్నది ఆయన చెవికెక్కలేదు.

5-3-86

ఆపరేషన్ అయింది. మాట రాదు. తిట్లన్నీ లోపలే ఉన్నాయి.

18-3-86

తెల్లారి లేస్తే తల తేలిగ్గా ఉంది. నిద్రంటే ఇదా? అందరూ రోజూ ఇలాగే లేస్తున్నారా? ఇరవై మూడేళ్ళు నాకెవరూ చెప్పలేదే!

గురక వినపడక అమ్మకు నిద్ర పట్టలేదట. నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చుందట.

మామను మిషను ఇమ్మన్నాను. తాగుడు మానేశానని దర్గాలో ఒట్టేస్తే ఇస్తాడట. తాగనోడు ఏం మానాలి?

20-3-86, గురువారం

ఒట్టు వెయ్యను. మామ ముఖానే చెప్పాను. రేపు హనుమాయమ్మగారు పరుపులకు వస్తుంది. నేను తాగలేదని ఆమె ముందే ఆయన చెప్పాలి. మిషను ఇవ్వాలి. జుమ్మా నమాజు దాకా చూస్తాను. తర్వాత ఆ దిండు ఆమె చేతిలో పెట్టి, అల్లుడికి ఇలాంటిది వేసే ముందు దీని మీద ఒక్క రాత్రి పడుకో తల్లీ అంటాను.