పచ్చడిలో పంతొమ్మిది బిళ్ళలు

1961 మార్చి 14, మంగళవారం.

ఈ పూట ఇంతవరకు అయిన పనులు: చేదిన నీళ్ళు ఎనిమిది బిందెలు. గేదెకు కుడితి, పాలు పితకడం. రెండు కుంచాల జొన్నలు దంచడం. క్యారేజి కట్టుకుని నాలుగు మైళ్ళు నడిచి సబ్ జైలులో ఇచ్చి, మళ్ళీ నాలుగు మైళ్ళు నడిచి రావడం. ఇవి అర్జీలో రాయవలసినవి కావని తెలుసు. కిందటి వారం తమ గుమస్తా గారు "రోజూ వస్తావు, ఇంట్లో పనీపాటా లేదా ఏందమ్మా?" అని అడిగారు. దానికి జవాబు ఇది.

డివిజనల్ ఆఫీసరు గారి సముఖమునకు,

కొత్తనెమలిపాలెం కాపురస్తురాలు, బండ్ల వడ్రంగి రామబ్రహ్మం భార్య సీతారావమ్మ, వయస్సు 46, రాసుకున్న మూడవ అర్జీ.

అయ్యా,

విషయం: మా తాలూకా సబ్ జైలులో రిమాండులో ఉన్న నా భర్తకు క్షయ మందు ఆగిపోవుట గురించి.

1. మా ఊరి కొట్లాటలో విరిగిన గొడ్డలి కామ, అంటే పిడి, నా భర్త చెక్కినదట. అందుచేత ఆయన తొమ్మిదవ ముద్దాయి. జనవరి 20న పట్టుకుపోయారు. కామ చెక్కడం నేరమో కాదో కోర్టు తేలుస్తుంది, అది ఇక్కడ అడగను. జామీనుకు భూమి ఉన్న పూచీదార్లు ఇద్దరు కావాలి. మా ఊళ్ళో భూమి ఉన్నవారంతా ఏదో ఒక పక్షంవారే. కనుక అదీ అడగను.

2. నరసరావుపేటలో ఎక్స్‌రే తీయించి, మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ గారు తొంభై సూదులు, రోజుకొక బిళ్ళ రాశారు. మా కొట్టంలో ఏ బండి చక్రానికి ఎన్ని ఆకు కర్రలు బిగించారో రాసే పుస్తకంలోనే ఈ లెక్కా రాస్తున్నాను. పట్టుకుపోయిన నాటికి అయిన సూదులు నలభై ఒకటి. మిగిలినవి నలభై తొమ్మిది. మధ్యలో ఆపితే రోగం ముదురుతుందని, తర్వాత అదే మందు పనిచేయకపోవచ్చునని డాక్టరమ్మ గారు నా చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు. నేను జైలు హెడ్డు వార్డరు గారికి మూడుసార్లు అప్పజెప్పాను. ఆయన అన్నది ఒకటే మాట: "అంత రోగం పెట్టుకొని కొట్లాటకెందుకొచ్చాడమ్మా?"

3. బయటి మందు లోపలికి పోవాలంటే జైలు డాక్టరు గారి చీటీ కావాలి. వారు గురువారాలు వస్తారు. నేటికి ఏడు గురువారాలు గడిచాయి. ఒకటి రిపబ్లిక్ దినం, సెలవు. దానిని వారి తప్పు కింద లెక్కించలేదు. మిగిలిన ఆరింటిలో వారు వచ్చినవి రెండు. రెండుసార్లూ కటకటాల ఇవతల నిలబడి "దగ్గా?" అని అడిగి, సీసాలో ఎర్ర మందు పోయించి వెళ్ళారు. కడుపునొప్పికి అదే సీసా, గజ్జికి అదే సీసా. ఆ గదిలో పద్నాలుగు మంది పడుకుంటారు. ఇప్పుడు నలుగురు దగ్గుతున్నారు. వీరు రేపు విడుదలై ఇళ్ళకు పోయి పిల్లల పక్కన పడుకుంటారు. ఆ లెక్క నా పుస్తకంలో పట్టదు.

4. మొదటి అర్జీని తమ కార్యాలయం వారు "తగు చర్య నిమిత్తం" అని, ఎవరి మీద రాశానో ఆ హెడ్డు గారికే పంపారు. ఆయన దానిని నాలుగు మడతలు పెట్టి, నా క్యారేజి గిన్నెల మధ్య ఉంచి తిప్పి పంపాడు. పులుసు మరక అంటిన ఆ కాగితం ఇందుతో జతపరిచాను. రెండవ అర్జీ సంగతి తమకే తెలియాలి.

5. ఇప్పుడు నా నేరం. ఎవరూ ఇవ్వనందున ఫిబ్రవరి 20 మొదలు మార్చి 10 వరకు రోజుకొక బిళ్ళ నూరి గోంగూర పచ్చడిలో కలిపి పంపాను. పులుపులో చేదు తెలియదనుకున్నాను. గేటు దగ్గర దగ్గుకుంటూ క్యారేజి తనిఖీ చేసేది వార్డరు పుల్లయ్య. తనిఖీ అంటే పై గిన్నె తాను తిని, కింది గిన్నెలు లోపలికి పంపడం. ఇది ఆ జైలులో ఆచారమని నాకు తర్వాత తెలిసింది, అడిగినవాడు లేడు. పచ్చడి పెట్టింది పై గిన్నెలో. "వదినా, నీ పచ్చడి చానా కుదిరింది, కాస్త చేదు తగ్గిచ్చు" అని ఒకనాడు అన్నాడు కూడా. నేను అతనికి వదినను కాను. అయినా నా బుర్రకు తట్టలేదు.

శనివారం ములాఖత్తులో నా భర్త అడిగారు: "పచ్చడి పంపటం మానేశావేందే? చప్పిడి మెతుకులు గొంతు దిగటంలా."

పంతొమ్మిది బిళ్ళలు ఎవరి కడుపులోకి పోయాయో అప్పుడు తెలిసింది. ఆ రోజు ఆయన కటకటాల ఊచ పట్టుకుని నిలబడ్డారు. బండి ఇరుసు ఒంటిచేత్తో ఎత్తిన మనిషి.

దొంగచాటుగా మందు పంపినందుకు నాకు ఏ శిక్ష వేసినా సరే. ఆయన నోట్లో బిళ్ళ పడిన తర్వాత వేయండి.

6. కోరునది: రోజూ బిళ్ళ నా కళ్ళ ఎదుట మింగించాలి. మిగిలిన సూదులు పోలీసు కాపలాతో తీసుకుపోయి అయినా సర్కారు ఆసుపత్రిలో వేయించాలి. డాక్టరు గారు లోపలికి వెళ్ళి ఆయన రొమ్ము మీద గొట్టం పెట్టాలి. ఇవి వీలుకావంటే, "ఈ మనిషికి మందు ఇవ్వము" అని తమ సంతకంతో రాసి ఇప్పించండి. ఆ కాగితం అంటించడానికి పుస్తకంలో ఒక పుట ఖాళీగా ఉంచాను.

ఈసారి హెడ్డు గారికి పంపకుండా తమరే చదివి చిత్తగించవలెను.

ఎల్లుండి గురువారం వరకు,
తమ విధేయురాలు,
సీతారావమ్మ

తాజా కలం: ఇది ముగించి సిరాబుడ్డికి మూత పెడుతుండగా పుల్లయ్య మా ఇంటికి వచ్చాడు. శనివారం నేను చెప్పిన మందు సంగతి నా భర్త అతనితో చెప్పేశారట.

"నా చేత ఏం తినిపిచ్చావు వదినా?"

"నేను తినిపించలా. నువ్వే తిన్నావు. క్షయ మందు."

"నాకేమన్నా అవుద్దా?"

"నీ దగ్గు ఎట్టుంది?"

భుజం మీది తువ్వాల తీసి చూపించాడు. సంక్రాంతి ముందు నుంచి తువ్వాల మీద ఎరుపు పడుతోందట. ఈ మధ్య తగ్గిందట. డాక్టరు గారికి చెబితే ఇతనికీ అదే ఎర్ర సీసా. గట్టిగా అడిగితే ఉద్యోగం పోతుందని ఊరుకున్నాడట. ఈ అర్జీ మొత్తం చదివి వినిపించాను. అతని పేరు వచ్చిన చోట గొంతు తగ్గించలేదు.

"నా పేరు కొట్టెయ్ వదినా, పిల్లలుగలోణ్ణి."

"సిరాతో రాశాను. మా ఇంట్లోనూ పిల్లలున్నారు."

తర్వాత కలం అడిగి, 3, 5 అంశాలు నిజమని, డాక్టరు గారు రెండుసార్లే వచ్చారని, ఎవరినీ ముట్టుకుని చూడలేదని కింద రాసి సంతకం పెట్టాడు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ గారికి చీటీ రాసి అతని చేతిలో పెట్టాను. వదినా అన్నందుకు కాదు.

తమ కార్యాలయం బాకీ: సూదులు నలభై తొమ్మిది. అట్లాగే ఉన్నది.

పుల్లయ్య బాకీ: బిళ్ళలు పంతొమ్మిది. సాక్షి సంతకం ఒకటి ముట్టినది. చెల్లు.