నాయన ఇంజన్‌లో ఎర్ర రిబ్బను

నంద్యాల, డిసెంబరు 8

ఆళ్లగడ్డలో ఉన్న ఫెబక్కకు వందనాలు.

నువ్వు పంపిన కొత్త బొమ్మ రైలు బాగా తిరుగుతోంది. రిమోట్‌లో దాని నంబరు నొక్కితేనే కదులుతుంది. క్రిస్మస్‌కు చర్చిలో నాయన గుర్తుగా ఆయన పాత బొమ్మ ఇంజన్ కూడా నడపమన్నావని, దాన్నీ ఆ పట్టాల మీదే పెట్టాను. ఏ నంబరు నొక్కినా కదలదు. నిలబడి గుయ్యిమంటూ వేడెక్కుతుంది. పట్టాల్లో కరెంటు నిండుగా ఉన్నా ఎందుకు కదలదో నాకు అంతుబట్టలేదు.

రిపేరు షాపాయనను అడిగితే, "అది పాతకాలందప్పా. కరెంటు ఒకే దిక్కుకు ఎంతిస్తే అంత ఉరుకుతాది. ఈ కొత్త పట్టాల్లో కరెంటు క్షణక్షణం అటూ ఇటూ మారతాంటాది, అందుకే ఎటూ పోలేక గుయ్యిమంటాది. నంబరు దానికేం తెలుసు? లోపలి తీగ కోసి మధ్యలో నంబరు గుర్తుపట్టే చిప్పు పెట్టాల" అన్నాడు.

మూత విప్పాను. నాయన అతికించిన తీగకు టేపు లేదు. నువ్వు బడికి పోయేటప్పుడు జడలకు కట్టుకున్న ఎర్ర రిబ్బను ముక్క చుట్టి ఉంది. కోయాల్సింది సరిగ్గా అక్కడే. కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ఏం చేయమంటావక్కా?

నీ తమ్ముడు