అమ్మ పెట్టిన గ్రీజు

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, నీ అల్లుడు, నీ కారు. అక్కడ నువ్వు, నీ కొత్త మోకాలు, మీ ఇద్దరినీ భరిస్తున్న అక్క కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు కారు గురించే. నా గురించి రాసిన రెండు లైన్లు కూడా "నువ్వు దగ్గరుండి చూసుకో" అనే. దగ్గరే ఉన్నాను తల్లీ. గొణుగుడు మేస్త్రి షెడ్డులో మూడు రోజులు పాత టైరు మీద కూర్చున్నాను. కుట్టడానికిచ్చిన బట్టలు ఏవని అడిగేవాళ్ళు కూడా అక్కడికే వచ్చి నన్ను నిలదీసి వెళ్ళారు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. స్ప్రింగులకు రెండు వైపులా పట్టీలు వేసి బాగా బిగించాకే మేస్త్రి కింద నట్లు వదులు చేశాడు. నన్ను మాత్రం గుమ్మం అవతల నిలబడమన్నాడు. "అది ఎగిరొచ్చి తగిలిందంటే మీ అమ్మకు నేను జవాబు చెప్పుకోలేనమ్మా" అన్నాడు. నువ్వంటే ఆయనకున్న భయం ఇంకా తగ్గలేదు.

బేరింగులు నీ అల్లుడు కడిగారు. వంటింట్లోంచి మంచి పళ్ళెం పట్టుకుపోయి, అందులో కిరసనాయిలు పోసి మరీ కడిగారు. ఇక ఆ పళ్ళెంలో భోంచేసేది ఆయనొక్కరే. ఎడమవైపువి బాగానే ఉన్నాయి. కుడివైపు బయటి బేరింగు గరగరలాడుతుంటే మార్పించాను. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి పైకి ఉబికేదాకా నేనే ఒత్తాను, నువ్వు నేర్పినట్టే. మేస్త్రి చక్రం తిప్పుతూ నట్టు బిగించి, పట్టేసినట్టు అనిపించాక కాస్త వెనక్కి వదిలాడు. పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను, కదలిక ఉండీ లేనట్టుగా ఉంది. నట్టు వదులవకుండా గుచ్చే పిన్నులు కొత్తవే. పాతవి సాగదీసి వేయబోతుంటే నేను దగ్గాను. వెంటనే జేబులోంచి కొత్తవి తీశాడు.

మలుపుల్లో వచ్చే టకటక పోయిందా, అసలెందుకు వచ్చింది అని అడిగావు. పోయింది. ఎందుకు వచ్చిందో రాయడానికే చెయ్యి ఆడటం లేదు. ఇంతవరకు రాసి, రెండుసార్లు లేచి నీళ్ళు తాగొచ్చాను.

చక్రాన్ని మోసే నిలువు కడ్డీ ఉంది కదా. దాని కింది కొసనున్న మరలు ఇత్తడి దిమ్మలో కూర్చుని, స్టీరింగు తిప్పినప్పుడల్లా అందులోనే తిరుగుతాయి. మేస్త్రి కుడివైపు దిమ్మ ఊడదీసి నా ముందు పెట్టాడు. గ్రీజు కొట్టే రంధ్రం మొదట్లోనే అది మైనంలా గట్టిపడి ఉంది. మరల దాకా చేరనే లేదు. అవి తుప్పుపట్టి సగానికి సగం అరిగిపోయాయి. కడ్డీకి వెంట్రుకంత పగులు.

"దీంట్లో గ్రీజు కొట్టిందెవరు?" అన్నాడు మేస్త్రి. "ఇక్కడ గేరు నూనె పొయ్యాలి. నూనెయితే మరల్లోకి దిగుద్ది, గ్రీజు గుమ్మంలోనే ఆగిపోద్ది. ఇంకో నెల తిప్పితే కడ్డీ విరిగి చక్రం పడిపోయేది."

"నేనే కొట్టాను" అన్నాను.

"ఆ తల్లి కడుపున పుట్టి నువ్వు నేర్చుకుంది ఇదా?" అని పది నిమిషాలు గొణిగాడు. తల వంచుకుని విన్నాను.

ప్రతి ఆదివారం కారు కింద దూరి అక్కడ గ్రీజు కొట్టేది నువ్వేనని మనిద్దరికీ తెలుసు. "నూనె కారిపోతుందే, గ్రీజయితే నిలబడుతుంది" అంటూ గ్రీజు గన్నుతో ఇంకో రెండు పోట్లు ఎక్కువే వేసేదానివి. అయినా నేను తప్పు నెత్తినేసుకున్నానని అనుకోకు. ఆ తప్పులో నా వాటా నిజంగానే ఉంది. మూడేళ్ళ కిందట డాష్‌బోర్డు అర దులుపుతుంటే కారు పుస్తకం దొరికింది. అక్కడ గ్రీజు వాడకూడదని, గేరు నూనె మాత్రమే పోయాలని అందులో బొమ్మ వేసి మరీ రాసి ఉంది.

అప్పటికి నువ్వు స్కూలు బస్సు తాళాలు అప్పజెప్పి వారమైంది. ఇరవయ్యారేళ్ళు నడిపిన బస్సును ఇంకొకరు తీసుకెళ్తుంటే చూసి వచ్చి, ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ ఆదివారం కారు కింద పడుకున్నాకే నీ నోట కూనిరాగం వినబడింది. నువ్వు చేసేది తప్పని ఆ పూట చెప్పడానికి నాకు నోరు రాలేదు. పుస్తకం తీసుకెళ్ళి నా బట్టల బీరువాలో దాచాను. తరవాత చెబుదాంలే, తరవాత చెబుదాంలే అని మూడేళ్ళు గడిపేశాను.

కిందటి నెల అక్కవాళ్ళ ఊరి ఆసుపత్రికి నువ్వే నడుపుకుంటూ వెళ్ళావు. పక్కన నేను కూర్చుని పాత కబుర్లు చెప్పుకుంటూ వచ్చాను. ఆ పగులు అప్పటికే ఉండి ఉంటుంది. నీ మనసు కష్టపెట్టకూడదని నిన్నే పోగొట్టుకోబోయానమ్మా. నన్ను క్షమించు.

ఇప్పుడు భయం లేదు. రెండు వైపులా కడ్డీలు, దిమ్మలు మార్చి, నూనె అంచుల్లోంచి ఊరేదాకా పోశాం. స్టీరింగు ఎంత తేలికైందంటే, పాత అలవాటు కొద్దీ గట్టిగా తిప్పి నీ అల్లుడు షెడ్డు గేటును పలకరించబోయారు. మేస్త్రి ఆ రోజుకు గొణగడం మాని నవ్వాడు.

వచ్చే నెల కారు నడపొచ్చని డాక్టరు అన్నాడట, సంతోషం. నువ్వు వచ్చీ రాగానే, చెప్పులైనా విడవకుండా గ్రీజు గన్ను ఎక్కడుందే అంటావు. చక్రాల హబ్బులకు నీ ఇష్టం వచ్చినంత పెట్టుకో, అడ్డం రాను. ఆ దిమ్మల జోలికి వెళ్ళావో, కాళ్ళు పట్టుకుని బయటికి లాగేస్తాను. పుస్తకం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, నీ కళ్ళతో నువ్వే చదువు. తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. నా మనసు నొచ్చుకుంటుందని మాత్రం ఊరుకోకు. అలా ఊరుకుంటే ఏమవుతుందో ఆ కడ్డీలో చూశాను.

ఇట్లు,
మొదటిసారి నీకు ఎదురు చెబుతున్న
నీ చిన్నకూతురు