ముందు చెప్పవలసిన మాట

చిరంజీవి పిడుగుకి, అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ వేళకి తింటూ, నిద్రపోతూ ఉన్నావనుకుని రాస్తున్నాను.

నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కేటప్పుడు ఉంటుంది, టీవీ ముందు ఉండదు. వంటింట్లో సాయానికి పిలిస్తే మాత్రం రెండో మోకాలూ నొప్పే. నీ గది కిటికీ బాగుచేయించాం. ఇప్పుడు గాలికి కొట్టుకోవడం లేదు.

నేనున్న జడ్జీల ఎంపిక కమిటీ పని ఎందాకా వచ్చిందని కూడా అడిగావు, ఏదో మాటవరసకి అన్నట్టు. ఇదివరకు ఆ పేర్లు ఎవరో పెద్దమనిషి ముందుగదిలో కాఫీ చల్లారేలోపు తేలిపోయేవి. నేను కోర్టులో వాదించినన్నాళ్ళూ అది చూసి కడుపు మండేది. పట్టుబట్టి మాన్పించాం. ఇప్పుడు దరఖాస్తు పెట్టిన వాళ్ళందరికీ ఒకే కేసు కాగితాలిస్తారు. తీర్పు రాసి, టైపు చేసి పంపాలి. మా ముందుకి నంబరే వస్తుంది, పేరు రాదు.

"సభ్యుల బంధువులు పోటీ చేయకూడదని రాద్దామా?" అన్నారు అధ్యక్షులు. "పేరే తెలియనప్పుడు చుట్టరికం ఏం చేస్తుందండీ?" అన్నాను. బదులుగా ఒక నియమం పెట్టించాను. తీర్పు ఎవరిదో మాలో ఒక్కరు గుర్తుపట్టినా ఆ దరఖాస్తు పక్కన పెట్టెయ్యాలి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొన్న చదివినవన్నీ ఇంటి యజమానికీ, అద్దెకున్న ముసలావిడకీ మధ్య తగాదా మీదే. అందరూ యజమాని ఎందుకు గెలిచాడో చెబుతూ మొదలుపెట్టారు. ఒక్క తీర్పు మాత్రం ఆవిడతో మొదలైంది. "అమ్మా, మీరు ఇల్లు ఖాళీ చేయాలి. మీరు చెప్పినదాంట్లో ఏది నిజమో, అయినా ఎందుకు ఓడిపోయారో మీకే ముందు చెబుతాను." కమిటీలో ఉన్న డాక్టరుగారు కళ్ళజోడు తీసి, "ఈ మనిషి ముందు ఓడిపోయినా బాధుండదండీ" అన్నారు.

ఆ పద్ధతి ఎవరింటిదో నాకు తెలుసు. నువ్వూ తమ్ముడూ ఆ కిటికీ పక్క మంచం కోసం జుట్లు పట్టుకున్నప్పుడల్లా, ఓడిపోయేవాళ్ళని ముందు పిలిచి చెప్పేదాన్ని. నువ్వు దరఖాస్తు పెట్టినట్టు నాకు తెలియదు. చెప్పకపోవడం నీ మంచితనం.

ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఊరుకోలేకపోయాను. "ఇది మా అమ్మాయిది" అన్నాను.

"మీరు తప్పుకుంటే చాలదూ?" అన్నారు డాక్టరుగారు. చాలదని, నేను పెట్టించిన నియమాన్ని నేనే చదివి వినిపించాను. నీది పక్కన పెట్టేశారు, తల్లీ. అందరికీ నచ్చిన తీర్పు అదే.

"రూలు రాసేటప్పుడు కన్నకూతురు గుర్తురాలేదా?" అన్నారు నాన్న. రాలేదు. కమిటీ నుంచి బయటికొచ్చేశాను, కానీ మళ్ళీ జడ్జీ పోస్టు ఖాళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వాళ్ళ కాగితం నీకు చేరేలోపు ఈ సంగతి నా నోటితో తెలియాలని రాస్తున్నాను.

ఓడిపోయినవాళ్ళకి ముందు చెప్పాలని నీకు నేర్పింది నేనే. నీకు చెప్పాల్సి వచ్చేసరికి మోకాలి నొప్పి ముందు రాశాను, కిటికీ సంగతి ముందు రాశాను.

ఇట్లు,
ధైర్యం చాలని మీ అమ్మ